అందరూ వచ్చారా?



 ఈరోజు 2025 డిసెంబరు 31. నిన్న ముక్కోటి ఏకాదశి. ఈరోజు ద్వాదశి పారణ. రేపు ఇంగ్లీషు సంవత్సరాది. ఉపవాసం విడిచి, కడుపులో ఇంత అన్నం పడ్డాక, ఈ ఏడాదికి చివరి మాటగా ఇది రాస్తున్నా. వీడియోలో పదిహేను నిమిషాల్లో చెప్పలేనివి కొన్ని ఉంటాయి, అవి ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి కదా, లెక్క లేకుండా మాట మొదలుపెట్టడం రాదు.

ఈ 2025కి ఒక విశేషం ఉంది. జనవరి 10న ముక్కోటి ఏకాదశి వచ్చింది, మళ్ళీ డిసెంబరు 30న ఇంకోటి వచ్చింది. ఒక్క క్యాలెండరులో రెండు ముక్కోట్లు! అదే 2024 మొత్తం తిరగేసి చూడండి, ఒక్కటీ లేదు. అంతకుముందుది 2023 డిసెంబరు 23న అయిపోయింది. ఎందుకిలా? ధనుర్మాసం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. సూర్యుడు ధనూరాశిలో ఉన్నంతకాలం అది ధనుర్మాసం. ఏకాదశి మాత్రం చంద్రుణ్ణి బట్టి వచ్చే తిథి. సూర్యుడి నెలలో చంద్రుడి శుక్ల ఏకాదశి ఎప్పుడు పడితే అప్పుడే వైకుంఠ ఏకాదశి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. జనవరి 10 నుంచి డిసెంబరు 30కి లెక్కపెట్టండి, సరిగ్గా 354. దానికి ముందు, 2023 డిసెంబరు 23 నుంచి ఈ జనవరి 10కి 384 రోజులు, అంటే పదమూడు చాంద్రమాసాలు.

అంటే ఒకసారి స్వామి మనల్ని ఏడాదికి మించి కాచుకోబెట్టాడు. ఇంకోసారి ఏడాది నిండకముందే తలుపు తీశాడు. మన గోడమీది క్యాలెండరుతో ఆయనకు పనిలేదు. ఎదురుచూడటమే మన పని.

ఈ ఎదురుచూపు గురించే ఈరోజు నా మాట.

డిసెంబరు వస్తే మా ఆఫీసుల్లో ఒక ఫారం నింపమంటారు. ఈ ఏడాది ఏం సాధించావు, ఎన్ని పనులు ముగించావు అని అడుగుతుంది. అందులో తప్పేమీ లేదు, జీతం ఇచ్చేవాళ్ళు అడుగుతారు. ధనుర్మాసం కూడా ఏడాది చివరే వస్తుంది కానీ అది అడిగే ప్రశ్న వేరు. దేనికోసం ఎదురుచూస్తా ఉన్నావు, ఎవరితో కలిసి ఎదురుచూస్తా ఉన్నావు అని అడుగుతుంది. ముగించిన పనుల జాబితా నాకు గుర్తుండదు. ఎదురుచూసినవి మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

బెంగుళూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారుజామున చిత్తూరులో దిగితే మొదట తగిలేది చలి. ఊళ్ళోకి పోతే గుడి మైకులో తిరుప్పావై. ఇళ్ళ ముందర తడిసిన పేడనీళ్ళ వాసన, దానిమీద ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మ, గొబ్బెమ్మ నెత్తిన పసుపుపచ్చని గుమ్మడి పువ్వు. ఆ పువ్వు పొద్దెక్కితే వాడిపోతుంది. రేపు మళ్ళీ కొత్తది కావాలి. గుడిలో ఆరున్నరకంతా వేడి పొంగలి విస్తరాకు దొన్నెలో పెడతారు, చెయ్యి కాలుతున్నా వదలబుద్ధి కాదు. చెరకు గానుగ ఆడే చోట పాకం వాసన అర కిలోమీటరు దూరం నుంచే పిలుస్తుంది.

ఇక మా వైపు అనపకాయల కాలం ఇది. మంచు పడితేనే అనపకాయకు వాసన అంటారు మా ఊళ్ళో. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున వేళ్ళ నడుమ పట్టి నొక్కితే పొట్టు ఊడి పప్పు బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. రాగిసంగటిలోకి ఆ కూర ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఒక్క మనిషి కూర్చుని ఇంటిల్లిపాదికీ సరిపడా పితకాలంటే వేళ్ళు పడిపోతాయి. అందుకే అందరూ చాట చుట్టూ చేరతారు. అత్త, పిన్ని, పక్కింటి పిల్లలు, సెలవుకి వచ్చిన నాలాంటివాళ్ళు. మాటల్లో పడి ఎంతసేపయిందో తెలియదు. కూర తినేది పావుగంట, దానికోసం కూర్చున్నది రెండు గంటలు. ఆ రెండు గంటలు కష్టమా, సుఖమా? నన్నడిగితే పండగంటే అదే.

ఇప్పుడు తిరుప్పావై దగ్గరికి వద్దాం.

ధనుర్మాసమంతా తిరుమలలో సుప్రభాతం ఉండదు, దాని స్థానంలో తిరుప్పావై పారాయణం జరుగుతుంది. ఏకాంతసేవ భోగ శ్రీనివాసమూర్తికి బదులు శ్రీకృష్ణస్వామికి జరుగుతుంది. అంటే కొండమీద స్వామిని లేపే హక్కు ఈ నెలంతా శ్రీవిల్లిపుత్తూరు ఆడపిల్లకే ఇచ్చేశారు. ఆమె కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా మన తెలుగులో రాశాడు. ఆమె పాడిన పాశురాలు ముప్పై. నెలకు ముప్పై రోజులు, రోజుకొకటి.

ఈ ముప్పై పాశురాల్లో గోదమ్మ నేరుగా స్వామి దగ్గరికి ఎప్పుడు పోతుందో గమనించారా? మొదటి అయిదింటిలో వ్రతం ఎందుకు, ఎట్లా, వ్రతనియమాలేమిటి, వానలు ఎట్లా కురవాలి, ఎవరిని తలచుకోవాలి అని చెబుతుంది. రెండో పాశురంలోనే నెయ్యి, పాలు, కాటుక, పూలు విడిచిపెట్టడంతో పాటు ఒకరి మీద చాడీలు చెప్పకపోవడాన్ని కూడా నియమంగా పెట్టింది. సరే, వ్రతం మొదలయింది, ఇక గుడికి బయలుదేరాలి కదా? బయలుదేరదు. ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా, పది పాశురాలు, వీధిలో ఇంటింటికీ తిరిగి స్నేహితురాళ్ళను లేపుతూనే ఉంటుంది. ముప్పైలో పది! మూడో వంతు పాట పక్కవాళ్ళను నిద్రలేపడానికే.

ఆ పిల్లలేమైనా సుళువుగా లేస్తారా? ఒకామె మేడలో దీపాల వెలుగులో, ధూపం వాసనలో మెత్తటి పడకమీద పడుకుని పలకదు. ఆమె మూగదా, చెవిటిదా అని లోపలున్న తల్లినడుగుతారు. ఇంకొకామె నిద్ర చూసి, కుంభకర్ణుడు ఓడిపోయి తన నిద్ర నీకే ఇచ్చేశాడా అని వేళాకోళం చేస్తారు. ఒక ఇంటిముందు నెత్తిన మంచు కురుస్తుంటే వాకిలి గడప పట్టుకుని నిలబడతారు. ఇంకొకామె అయితే మీ అందరినీ నేనే ముందు లేపుతానని మాటిచ్చి, తానే ముసుగు తన్ని పడుకుంది. ఇంత ఆలస్యం అవుతున్నా, శుక్రుడు పొడిచాడు, గురుడు అస్తమించాడు, పక్షులు కూస్తున్నాయి అని చెబుతూ కూడా, ఒక్కరిని వదిలేసి పోదాం అన్న మాట గోదమ్మ నోట రాదు.

పదిహేనో పాశురం ఒక సంభాషణ. లోపలున్న అమ్మాయి అడుగుతుంది, అందరూ వచ్చారా అని. బయటివాళ్ళ జవాబు: వచ్చారు, నువ్వే వచ్చి లెక్కపెట్టుకో.

ఈ ఒక్క ప్రశ్న కోసం నేను ఏటా ఆ రోజుకి ఎదురుచూస్తాను. పదిమందీ లేచి తలలు లెక్క తేలాకే, పదహారో పాశురంలో నందగోపుని ఇంటి వాకిలి ముందు నిలబడతారు. అక్కడ కూడా తలుపు తోసుకుని పోరు. ద్వారపాలకుణ్ణి ప్రాధేయపడతారు, తలుపు తియ్యవయ్యా, కాదనకయ్యా అని. ఇంతమంది ఉన్నారు, ఒక్క తోపు తోస్తే తలుపు ఆగుతుందా? అయినా అడిగి నిలబడతారు.

మా ప్రోగ్రామింగ్ పాఠాల్లో క్యూ అనేదానికి ఒకటే సూత్రం. ముందు వచ్చింది ముందు పోతుంది. దానితోపాటు ఇంకో పద్ధతి కూడా చెబుతారు. ఒక పెద్ద పనిని పది ముక్కలు చేసి ఒకేసారి నడిపేటప్పుడు, నడుమ ఒకచోట గీత గీస్తాం. పది ముక్కలూ ఆ గీత దగ్గరికి వచ్చి చేరేదాకా ఏ ఒక్కటీ దాటకూడదు. తొమ్మిది వచ్చేసి ఒకటి వెనకబడితే తొమ్మిదీ ఆగుతాయి. దాన్ని బారియర్ అంటాం. నెమ్మదిగా నడిచేవాడి వేగమే అందరి వేగం అవుతుంది. చూసేవాళ్ళకు ఇది వృథా అనిపిస్తుంది. కానీ ఈ గీత లేకపోతే చివర వచ్చే జవాబు తప్పుతుంది. గోదమ్మది ఆ రెండో పద్ధతి.

ఇది ఊరికే పాండిత్యానికి చెప్పడం లేదు. ఈ సంవత్సరం తిరుపతిలో పుట్టిపెరిగినవాళ్ళెవరూ మరిచిపోలేని ఒక రాత్రి ఉంది. 2025 జనవరి 8. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం మన తిరుపతిలో కాచుకున్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు ప్రాణాలు విడిచారు. టోకెన్లు మర్నాడు తెల్లారుజామున ఇవ్వాలి, దర్శనాలు పదో తేదీ నుంచి. అంటే ఆ ఆరుగురూ స్వామి ముందు దాకా కాదు, దర్శనం చీటీ దాకా కూడా పోలేదు. వైకుంఠ ద్వారం కోసం వచ్చి, మన ఊరి వీధిలో పడిపోయారు.

ఏర్పాట్ల సంగతి అధికారులూ, విచారణలూ చూసుకోవలసింది. జనాన్ని నడిపే బాధ్యత ఏర్పాటు చేసేవాళ్ళది, అది ఎక్కడికీ పోదు. చనిపోయినవాళ్ళను అనేది అసలే కాదు, గుంపులో నలిగినవాళ్ళకు తమను తోసిందెవరో కూడా తెలియదు. నేను మాట్లాడుతున్నది రేపో ఎల్లుండో క్యూలో నిలబడబోయే మనగురించి. ఈసారి మొదటి మూడు రోజులకు, అంటే 30, 31, 1 తేదీలకు, ఆన్‌లైన్‌లో ఈ-డిప్ పెట్టి టోకెన్లిచ్చారు. జనవరి 2 నుంచి 8 దాకా టోకెను లేనివాళ్ళు కూడా నేరుగా కొండకు పోయి వైకుంఠం క్యూ కాంప్లెక్సులో నిలబడవచ్చు. తలుపు మూసే తేదీ చూశారా? జనవరి 8. ఆ ఆరుగురు పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది.

అందుకే అడుగుతున్నా. ద్వారం దాటడమంటే ఏమిటి? గర్భాలయం చుట్టూ ఉన్న ఆ వైకుంఠ ప్రదక్షిణ మార్గం ఏడాదిపొడుగునా మూసి ఉంటుంది. వెనకటికి ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తీసేవాళ్ళు. 2020 డిసెంబరు నుంచి పది రోజులు తీస్తున్నారు. ఎందుకు పది రోజులు? ఎక్కువమందికి దక్కాలని. రెండు రోజులు పది రోజులయినా మన తొందర తగ్గలేదంటే, కరువు రోజులకు కాదు, మన ఓపికకి. పక్కనున్న ముసలామె కిందపడుతుంటే చెయ్యి పట్టుకుని లేపడం వల్ల నేను నాలుగు అడుగులు వెనకబడతాను. ఆ నాలుగు అడుగుల్లో పోయే పుణ్యం ఏదైనా ఉంటే, అటువంటి పుణ్యాన్ని గోదమ్మ పదిసార్లు పదిళ్ళ ముందర పోగొట్టుకుంది. అయినా స్వామి వరించింది ఆమెనే.

మా అవ్వ చదువుకోలేదు, తిరుప్పావై అర్థం ఎవరూ ఆమెకు చెప్పలేదు. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే ఎక్కింది, ఊరివాళ్ళను పదిహేనుమందిని వెంటేసుకుని. గాలిగోపురం దగ్గర ఒకసారి, మోకాళ్ళమెట్టు దగ్గర ఒకసారి, దర్శనమయ్యాక లడ్డూల దగ్గర ఒకసారి, తలలు లెక్కపెట్టేది. చిన్నప్పుడు నాకు కాళ్ళు నొప్పెట్టి, ముందు మనం పోదాం రావ్వా అని ఏడిస్తే ఆమె అనేది, "తలుపు యాడికీ పోదులేరా నాయనా. మనుషులే తప్పిపోతారు."

ఈసారి ఇంట్లో నలుగురికీ కలిపి ఈ-డిప్‌లో పేర్లేశాను. రాలేదు. అవ్వకేం బాధ లేదు. నిన్న తెల్లారుజామున మా ఊరి పెరుమాళ్ళ గుడికి ఆటోలో తీసుకుపోయినాం. చాలా విష్ణ్వాలయాల్లో లాగే అక్కడా ఉత్తర ద్వారం తీస్తారు. చిన్న తలుపు, మనిషి కొంచెం వంగి దాటాలి. దాని ముందర నిలబడి అవ్వ కదలదు. వెనకాల జనం ఉన్నారు పద అవ్వా అంటే, "ఎదురింటి రాగుల మిల్లామె ఇంకా రాలేదు కదరా. ఆమె కూడా రానీ, ఆ పిల్లోళ్ళను ముందర పోనీ" అంది. పక్కకు జరిగి, గోడకానుకుని, వచ్చేవాళ్ళందరినీ ముందుకు పంపుతా నిలబడింది. ఆ చలిలో అరగంట. నాకు పదిహేనో పాశురం అర్థం ఏ వ్యాఖ్యానం చదివినా ఇంత స్పష్టంగా కనపడలేదు.

వైకుంఠానికి తొందరగా చేరాలనుకునే మనిషి వయసు తనది. తొందర లేనిది కూడా ఆమెకే.

ఇక రాబోయే రోజులకు మనం చేయగలిగినవి చెప్పుకుందాం. పెద్ద తీర్మానాలేమీ కాదు.

ఒకటి, ఈ పది రోజుల్లో కొండకు పోయేవాళ్ళు మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు పెట్టుకోండి. వాళ్ళ వేగమే మీ వేగం. క్యూలో తోపులాట మొదలయితే గోవింద నామం గట్టిగా చెప్పడంతో పాటు, వెనక్కి ఒక అడుగు వెయ్యండి. గోవిందా అన్న నోటితోనే "తోయొద్దండీ, పిల్లలున్నారు" అనడం కూడా భగవత్సేవే.

రెండు, టికెట్టు దొరకనివాళ్ళు మనసు చిన్నబుచ్చుకోవద్దు. మీ ఊరి గుడిలో తీసిన తలుపు వెనక ఉన్నది ఇంకో స్వామి కాదు. అన్నమాచార్య కళామందిరంలోనూ, ఊరూరా ఎన్నో గుళ్ళలోనూ తిరుప్పావై ప్రవచనాలు నడుస్తున్నాయి. దగ్గరలో ఉన్నదానికి పోండి. ఒక్కరే పోకండి, పక్కింటి తలుపు తట్టి పిలుచుకుని పోండి. ఆ తలుపు తట్టడం కూడా వ్రతంలో భాగమే అని పది పాశురాలు చెబుతున్నాయి కదా.

మూడు, ఇరవైయేడో పాశురం రోజు దగ్గరికొస్తోంది. మొదట్లో వదిలేసిన నెయ్యి, పాలు, అలంకారాలు అన్నీ ఆ రోజు తిరిగి వస్తాయి. మోచేతి వెంట నెయ్యి కారేటట్టు పాలన్నం తినడం గురించి చెబుతుంది గోదమ్మ. అక్కడ ముఖ్యమైన మాట నెయ్యి కాదు, అందరూ కలిసి కూర్చుని తినడం. ఆ రోజు మీ ఇంట్లో చేసే పొంగలి ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసి చెయ్యండి. ఎవరికి పెట్టాలో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత భోగి, సంక్రాంతి, కనుమ. కనుమనాడు మా చంద్రగిరి వైపు రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి పశువుల పండగ చేస్తారు. అదే రోజు తిరుపతి గోవిందరాజస్వామి గుడి నుంచి ఆండాళ్ అమ్మవారి మాలలు పెద్దజీయర్ మఠం మీదుగా ఊరేగింపుగా కొండకు పోయి శ్రీవారికి చేరతాయి. నెలంతా పాడి లేపిన పిల్ల పూలదండ చివరికి ఆయన మెడలో పడుతుంది. ఆ దండలో ఏ పువ్వు ముందు గుచ్చారో ఎవరైనా చెప్పగలరా? దండ కట్టాక అన్ని పూలకూ ఒకే వరస, అన్నీ ఒకేసారి స్వామిని తాకుతాయి.

రేపు పొద్దున కొత్త క్యాలెండరు గోడకు తగిలిస్తాం. అందులో పండగలన్నీ ఎర్రగా అచ్చేసి ఉంటాయి. వాటికోసం ఎదురుచూడండి, ఆ ఎదురుచూపును దాచుకోకుండా పదిమందితో పంచుకోండి. ప్రతి పండగ ముందు రోజూ ఇంట్లో ఒక్కసారి చుట్టూ చూసి అడగండి, అందరూ వచ్చారా అని. రానివాళ్ళు ఎవరో తెలిస్తే ఫోను చెయ్యండి. పలకరించి ఏళ్ళయిన అన్నదమ్ముడైనా సరే, పట్నంలో ఒంటరిగా ఉన్న స్నేహితుడైనా సరే. నెత్తిన మంచు పడుతున్నా ఆ వాకిట్లో ఇంకొంచెంసేపు నిలబడదాం.

జనవరి 8న దీపం పెట్టేటప్పుడు, పోయినేడాది తలుపు దాకా చేరలేకపోయిన ఆ ఆరుగురిని కూడా ఒక్కసారి తలచుకోండి. వాళ్ళనూ లెక్కలో కలుపుకుంటేనే మన లెక్క సరిపోతుంది.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు, ముందస్తుగా సంక్రాంతి శుభాకాంక్షలు. రేపటి పాశురం వీడియో ఎప్పటిలాగే ఉదయం అయిదింటికి.

గోవిందా, గోవింద!